మిర్చి పూతలో పురుగుల లెక్క: డిగ్రీ ప్రాజెక్టు, వైవా, నా అనుభవం

డిగ్రీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) వాళ్లకు ఆరో సెమిస్టర్‌లో ప్రాజెక్టు అనగానే హాస్టల్లో మొదట వినిపించే మాట "టాపిక్ ఏంది?" అని కాదు, "సీనియర్లది ఎవరి దగ్గరున్నది?" అని. హన్మకొండలో కొన్ని జిరాక్స్ షాపుల వాళ్లు ఇంకో నాలుగు ఆకులు ఎక్కువే చదివారు. వర్మీకంపోస్ట్ ఉంది, బ్లడ్ గ్రూపుల సర్వే ఉంది, వేపాకు మీద ఉంది, ఏది కావాలంటే అది పేర్లు మార్చి బైండింగ్ చేసి సాయంత్రానికల్లా చేతిలో పెడతారు. తీసుకున్నవాళ్లను నేనేం అనను. కాలేజీ అయిపోగానే మెడికల్ షాపులోనో బట్టల దుకాణంలోనో నిలబడి రాత్రి పదింటికి రూముకొచ్చే వాళ్లు మా క్లాసులోనే ఉన్నారు. కాకపోతే ఆ బైండింగ్ పుస్తకం వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎంతసేపు నిలబడుతుందో కూడా కళ్లారా చూశాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మా బ్యాచ్‌లో నలుగురం. గైడ్ జువాలజీ మేడమ్. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. మీ కళ్లతో చూసి, మీ చేతులతో లెక్కపెట్టగలిగేదే తీసుకురండి, డబ్బులు పోసి కిట్లు కొనేవి, శాంపిల్ కట్టి హైదరాబాద్ పంపేవి నా దగ్గరికి తేవద్దు అన్నారు. మాకు ఆ షరతు హాయిగా అనిపించింది. మా దగ్గర డబ్బులు ఎటూ లేవు.

మిర్చి అన్నది నేనే. మాది నర్సంపేట వైపు ఊరు. 2021-22 సీజన్ మిర్చి రైతులెవరూ మర్చిపోరు. అప్పుడు నేను ఇంటర్ సెకండియర్. పూత విరగబూసింది, కాయ మాత్రం కట్టలేదు. పువ్వు విప్పి చూస్తే లోపల నల్లగా, నువ్వు గింజలో సగం కూడా లేని పురుగులు గుంపులుగా కదిలేవి. మిర్చికి తామర పురుగు కొత్త కాదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. కానీ ఎప్పుడూ ఉండే తామర పురుగు ఎక్కువగా ఆకులను, లేత చిగుళ్లను పట్టుకునేది. ఇది నేరుగా పూతలో చేరింది. దీని పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా పురుగు. మన దేశంలో మొదటిసారి 2015లో బొప్పాయి మీద కనిపించిందని రికార్డు. 2021 వచ్చేసరికి ఇటు తెలంగాణలో, అటు ఆంధ్రలో మిర్చి మీద పడింది. మా పెద్దనాయిన ఆ ఏడు తోటలో ట్రాక్టర్ పెట్టి దున్నించేశాడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఒక్క బస్తా పోలేదు.

కాబట్టి టాపిక్ ఏదనే దాని మీద మాలో పేచీ రాలేదు. పేచీ అంతా టైటిల్ దగ్గరే వచ్చింది.

మేం రాసుకెళ్లిన టైటిల్ ఘనంగా ఉంది: "మిర్చి పంటలో త్రిప్స్ పార్విస్పైనస్ పై పురుగు మందుల ప్రభావం". మేడమ్ చదివి పెన్ను తీశారు. "అది పార్విస్పైనసే అని మీరెట్లా చెప్తారు?" అని మొదటి కొట్టివేత. "ఎన్ని చేలు తీసుకుంటున్నరు?" అన్నారు. రెండు, పెద్దనాయినది ఒకటి, మా మేనమామది ఒకటి అన్నాం. "రెండు చేలతో ప్రభావం అనే మాట వాడొద్దు" అని రెండో కొట్టివేత. చివరికి మిగిలింది: "రెండు మిర్చి తోటల పూతలో తామర పురుగుల సంఖ్య, ఒక పరిశీలన". మా బ్యాచ్ అబ్బాయికైతే ఏడుపొక్కటే తక్కువ. పక్క బ్యాచ్ వాళ్లు నానో పార్టికల్స్ అని పెట్టుకుంటే మనం పూలు, పురుగులు, లెక్క అని పోతామా అని. నాకూ లోపల అట్లాగే ఉంది, బయటికి అనలేదంతే. మూడు నెలల తర్వాత వైవాలో మమ్మల్ని కాపాడింది ఆ రెండు కొట్టివేతలే.

రెండు తోటల తేడా ఇదీ. పెద్దనాయిన 2021 దెబ్బ తిన్నప్పటి నుంచి వారానికోసారి మందు కొట్టకపోతే నిద్రపోడు. మామ కొంచెం ఆగి చూసే మనిషి. నీలం రంగు జిగురు అట్టలు కట్టాడు, వేప నూనె కొడతాడు, పురుగు మరీ ఎక్కువైతేనే మందు జోలికి పోతాడు. రెండూ తేజ రకమే, నాట్లు కూడా ఇంచుమించు ఒకే సమయంలో పడ్డాయి. మధ్యలో ఒక వాగు, ఒక పత్తి చేను.

పుస్తకంలో ఉన్న పద్ధతి తేలిక. పువ్వును తెంపి, స్పిరిట్ ఉన్న సీసాలో వేసి, ఊపి, పెట్రి డిష్‌లో పోసి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టాలి. మేం సీసాలు పట్టుకుని తోటలోకి దిగామో లేదో పెద్దనాయిన గెట్టు మీద నుంచే కేకేశాడు. "ఏం బిడ్డా, పురుగు తిన్నది పోను మిగిలిన పూలు మీరు తెంపుకపోతే నేను కాయలేడికెళ్లి తెంపాలె?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ ఆ నవ్వు వెనక 2021 ఉంది. ఒక్కో చెట్టుకు మూడు పూల చొప్పున వారం వారం తెంపితే ఎన్నవుతాయో ఆయన మాకంటే ముందే లెక్కగట్టుకున్నాడు.

అందుకని పువ్వును తెంపకుండా కింద తెల్ల కాగితం పట్టి వేలితో తట్టడం మొదలుపెట్టాం. కాగితం మీద పడ్డవాటిని ఒకరు లెక్కపెడతారు, ఒకరు రాస్తారు. చెప్పినంత సులువు కాదు. తట్టగానే కొన్ని లేచిపోతాయి. కొన్ని రేకుల మొదట్లో ఇరుక్కుని ఎంత తట్టినా ఊడిపడవు. ఎండ ఎక్కితే మరీ చురుగ్గా ఉంటాయి కాబట్టి పొద్దున్నే పోవాలి. హన్మకొండ నుంచి మొదటి బస్సు పట్టుకుని దిగేసరికి ఇంకా మంచు ఉండేది. తడి పువ్వును తడితే పురుగు కాగితానికి అతుక్కుపోతుంది, తడి కాగితం చిరుగుతుంది. కాబట్టి మంచు ఆరాలి, ఎండ ముదరకూడదు. ఆ మధ్యలో దొరికే కాసేపే మా ఫీల్డ్ వర్కు.

ఏ చెట్టు తట్టాలన్నది ఇంకో గొడవ. మనిషి కన్ను ఊరికే ఉండదు, ముడత పడ్డ చెట్టు వైపే పోతుంది. మేడమ్ దానికి విరుగుడు ముందే చెప్పారు. గెట్టు పక్కన రెండు సాళ్లు వదిలేయండి, లోపలికి పోయి జిగ్‌జాగ్‌గా నడవండి, ఇన్ని అడుగులకు ఒకసారి ఆగండి, ఆగినచోట కుడి చేతికి ఏ చెట్టు వస్తే అదే. బాగున్నా సరే, బాగా లేకున్నా సరే. వినడానికి చాదస్తంలా ఉంది కదా. పచ్చగా, ఆరోగ్యంగా ఉన్న చెట్టు ముందు ఆగి, అందులో పురుగేం ఉంటుందిలే అనుకుంటూ తడితే కాగితం నల్లబడ్డ రోజులున్నాయి. పూత నిండుగా ఉన్న చెట్టు పురుగుకూ ఇష్టమే.

తట్టే పద్ధతి గురించి చెప్పగానే మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "పది పురుగులుంటే మీ కాగితం మీద ఎన్ని పడతయ్?" మాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా ఆమే చెప్పారు. పెద్దనాయినను బతిమాలి కొద్ది పూలు మాత్రం తెంపడానికి ఒప్పించాం. గెట్టు పక్క సాళ్లలోవే, ఎటూ మేం లెక్కలోకి తీసుకోనివి. ముందు తట్టి లెక్కపెట్టి, తర్వాత అదే పువ్వును తెంపి స్పిరిట్‌లో వేసి, ల్యాబ్‌లో మిగిలినవి లెక్కపెట్టాం. పిల్ల పురుగులు సగానికి పైగా పువ్వులోనే ఉండిపోతున్నాయి. రెక్కలున్న పెద్దవి నయం, చాలా వరకు కింద పడుతున్నాయి. దాంతో నోట్‌బుక్‌లో రెండు గళ్లు వేరుచేశాం: రెక్కలున్నవి, లేనివి. లేనివాటి లెక్క తక్కువ చూపిస్తుందని రిపోర్టులో ముందే రాసేశాం.

స్పిరిట్ కథ వేరే. ల్యాబ్‌లో స్పిరిట్ తాళం వేసిన బీరువాలో ఉంటుంది. రిజిస్టర్‌లో రాయాలి, ఇన్‌చార్జ్ సంతకం కావాలి, ఆయన సెలవులో ఉంటే రేపు రండి. చిన్న సీసాడు స్పిరిట్ కోసం ఫిబ్రవరిలో మేం తిరిగిన తిరుగుడు రాస్తే అదొక ప్రాజెక్టు రిపోర్టు అవుతుంది. తామర పురుగులు దాచడానికి అసలు పద్ధతి పది పాళ్లు 60 శాతం ఆల్కహాల్, ఒక పాలు గ్లిజరిన్, ఒక పాలు ఎసిటిక్ యాసిడ్ కలిపిన ద్రవం. అందులో పురుగు బిగుసుకుపోదు, కాళ్లు రెక్కలు చాపుకుని ఉంటుంది, స్లైడ్ చేయడానికి వీలు. ఈ మూడూ ఒకే రోజు మా చేతికి రావడమనేది గ్రహాలు కలిసొచ్చినప్పుడే జరిగింది.

మైక్రోస్కోప్ కింద మొదటిసారి చూసినప్పుడు మాత్రం నలుగురం వంతులేసుకున్నాం. ఒక మిల్లీమీటరు పురుగు. రెక్క అంటే రెక్క కాదు, సన్నటి పుల్లకు రెండు వైపులా వెంట్రుకల అంచు కుట్టినట్టు ఉంటుంది. ఆడదానికి పొట్ట ముదురు గోధుమ రంగు, దాదాపు నలుపు. తల, రొమ్ము భాగం కొంచెం లేత రంగు. మీసాల్లో 7 కణుపులు. మూతి మరీ విచిత్రం: తామర పురుగులకు ఎడమ దవడ ఒక్కటే ఉంటుంది, కుడిది పెరగదు. ఆ ఒక్క దవడతో కణాన్ని గీకి, పొడిచి, కారిన రసం పీల్చుకుంటుంది. థియరీ క్లాసులో ఈ మాట వినే ఉంటాం, పరీక్షలో రాసే ఉంటాం. పెద్దనాయిన తోట దున్నించిన పురుగుకు సగం నోరే ఉందని అప్పుడు చూస్తే గానీ బుర్రకెక్కలేదు.

మందు కొట్టినా ఎందుకు పోవట్లేదో దాని బతుకు చూస్తే అర్థమవుతుంది. గుడ్డు ఆకు కండలోపల పెడుతుంది, పైన మందు పడ్డా గుడ్డుకు తగలదు. పిల్ల పురుగు రెండు దశలు తినేసి మట్టిలోకో రాలిన ఆకుల కిందికో దిగిపోతుంది, అక్కడే ప్యూపా. అక్కడా మందు తగలదు. మొత్తం చక్రం సుమారు రెండు వారాలు. కొట్టిన రోజు చచ్చేది పైన తిరిగేదే. దానితోపాటు దాన్ని తినే మిత్ర పురుగులు కూడా చస్తాయి, అవి మళ్లీ రావడానికి టైం పడుతుంది. మా నోట్‌బుక్‌లో కూడా ఇంచుమించు అదే కనిపించింది. పెద్దనాయిన కొట్టిన రెండు మూడు రోజులకు పోతే లెక్క తగ్గి ఉండేది, వారం తిరిగాక పోతే మళ్లీ మామూలే. మామ తోటలో లెక్క నెమ్మదిగా పైకీ కిందికీ పోయింది. సీజన్ మొత్తం మీద చూస్తే ఒక తోటకూ ఇంకో తోటకూ గట్టిగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందుల ఖర్చులో మాత్రం తేడా ఉంది. అయితే అది మా ప్రాజెక్టులో లేదు, పెద్దమ్మ నోట విన్నదే.

లెక్కలు ఎక్సెల్‌లో వేశాం. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ అంటే లెక్కల చెదురు, రెండు సగటుల తేడా నిజమైనదా ఊరికే వచ్చిందా అని చూసే టి-టెస్ట్. యూట్యూబ్‌లో చూసి ఫార్ములా కొట్టడం ఐదు నిమిషాల పని. కానీ ఎక్సెల్ చివర్లో టైప్ 1నా, 2నా, 3నా అని అడుగుతుంది. 1 అంటే జతలు, 2 అంటే రెండు గుంపుల్లో చెదురు సమానం, 3 అంటే సమానం కాదు. మేడమ్ దీని మీద ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టారు. మాకు 3 సరిపోయింది, ఎందుకంటే మందు కొట్టే తోటలో లెక్కలు ఎక్కడికో పోయి ఎక్కడికో పడుతున్నాయి. ఇంకోటి, ప్రతి పువ్వునూ ఒక లెక్కగా వేయొద్దు, ఒక చెట్టు పూలకు సగటు తీసి చెట్టును ఒక లెక్కగా వేయండి అన్నారు. అప్పుడు ఎందుకో పూర్తిగా అర్థం కాలేదు. చెప్పినట్టు చేశాం.

ఇక పీపీటీ. సగం మంది ఎనర్జీ ఇక్కడే అయిపోతుంది. ఏ టెంప్లేట్ బాగుంటుంది, అక్షరాలు ఎగురుకుంటూ రావాలా, చివరి స్లైడ్‌లో గులాబీ పువ్వు పెట్టాలా. మేడమ్ 12 స్లైడ్లు దాటొద్దన్నారు. ఇంట్రడక్షన్‌కు రెండే, పద్ధతికి నాలుగు. మాకు తిరకాసుగా అనిపించింది, ఎందుకంటే ఇంట్రడక్షన్ రాయడం తేలిక, నెట్‌లో బోలెడు దొరుకుతుంది. రిహార్సల్ ఫస్టియర్ పిల్లల ముందు చేయించారు. వాళ్లలో ఒకమ్మాయి లేచి "అక్కా, ఆ పురుగు మనుషులను కుడుతదా?" అని అడిగింది. అందరూ నవ్వారు. కానీ అది నిజమే, తోటలో చెమట పట్టిన చేతి మీద వాలితే ఒక్కోసారి చురుక్కుమంటుంది. ఆ పిల్ల ప్రశ్నతో నాకు సగం టెన్షన్ పోయింది. నాకు జవాబు తెలిసింది అనుభవంతోనే కదా.

అసలు టెన్షన్ ఇంగ్లిష్. నేను పది వరకు తెలుగు మీడియం. మొదటి రెండు స్లైడ్లు బట్టీ పట్టాను. అద్దం ముందు చెప్తే వచ్చేది, నలుగురిలో చెప్తే నాలుక మడత పడేది.

వైవా రోజు సెమినార్ హాల్లో ఉదయం నుంచే హడావుడి. ప్రొజెక్టర్ వైరు ఒక ల్యాప్‌టాప్‌కు కుదిరితే ఇంకో దానికి కుదరదు. ఒక బ్యాచ్ వాళ్లు తెలుగులో పెట్టిన స్లైడ్లన్నీ డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. వాళ్లు ఫాంట్ కోసం పరుగు. ఎక్స్‌టర్నల్ సార్, అంటే బయటి ఎగ్జామినర్, వేరే జిల్లా కాలేజీ నుంచి వచ్చారు. పెద్దాయన, తక్కువ మాటలు. చాయ్, సమోసా అయ్యాక రోల్ నంబర్ల వరసన మొదలుపెట్టారు. బ్యాచ్‌కు పది నిమిషాలు, తర్వాత ప్రశ్నలు.

మా కంటే ముందు వెళ్లిన వాళ్లను చూస్తూ ఒక విషయం పట్టుకున్నాను. ఆయన ఇంట్రడక్షన్ నడుస్తున్నంతసేపూ రిపోర్టు తిరగేస్తూ ఉంటారు. పద్ధతి స్లైడ్ రాగానే తల ఎత్తుతారు.

చెరువు నీళ్ల బ్యాచ్‌ది మంచి కథ. వాళ్లు మొదట భద్రకాళి చెరువు అనుకున్నారు. 2024 నవంబర్‌లో పూడిక తీయడానికి ఆ చెరువు నీళ్లు వదిలేశారు, వీళ్ల ప్రాజెక్టు కూడా ఆ నీళ్లతోపాటే పోయింది. వడ్డేపల్లి చెరువుకు మారారు. నీటిలో కరిగిన ఆక్సిజన్ చూశారు. సార్ అడిగిన మొదటి ప్రశ్న: "సీసా మూత గట్టు మీదే తీసి కెమికల్ వేశారా, ల్యాబ్‌కు తెచ్చాక వేశారా?" వింక్లర్ పద్ధతిలో మాంగనస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయోడైడ్ అక్కడికక్కడే వేయాలి. లేకుంటే దారిలోనే నీటిలోని ప్రాణులు ఆక్సిజన్ వాడేసుకుంటాయి, లెక్క మారిపోతుంది. వాళ్లు గట్టు మీదే వేశారు. అడుగున గోధుమ రంగు మడ్డి దిగిన సీసా ఫొటో కూడా పెట్టుకున్నారు. సార్ తల ఊపారు, అంతే, ఇంకేం అడగలేదు.

వేపాకు రసం బ్యాక్టీరియాను చంపుతుందా అని చూసిన బ్యాచ్‌ను "ఆల్కహాల్‌లో తీసిన రసం కదా, ఉత్త ఆల్కహాల్ చుక్క వేసి చూశారా?" అని అడిగారు. ఆల్కహాల్ తనంతట తానే బ్యాక్టీరియాను చంపుతుంది మరి. వాళ్ల ప్లేట్‌లో ఉత్త ఆల్కహాల్ వేసిన గుంట కూడా ఉంది. బతికిపోయారు.

ఇంకో బ్యాచ్‌కు మాత్రం అట్లా జరగలేదు. రిపోర్టు తళతళలాడుతోంది, రంగు ఫొటోలు, గ్రాఫులు. సార్ మెల్లగా "మీ ఫీల్డ్ నోట్‌బుక్ చూపిస్తారా?" అన్నారు. లేదు. "పోనీ ఈ టేబుల్‌లో మార్చి నెల లెక్క ఎవరు తీశారు?" ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సార్ కోప్పడలేదు, గట్టిగా కూడా అనలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టారు. నా పక్కన కూర్చున్న మా బ్యాచ్ అమ్మాయి, బ్యాగులోంచి మా నోట్‌బుక్ తీసి ఒళ్లో పెట్టుకుంది. అట్ట మీద మట్టి, లోపలి పేజీల్లో పుప్పొడి మరకలు, ఒక పేజీలో నలిగిపోయిన తామర పురుగు కూడా ఉంది. అప్పటి వరకు దాన్ని శుభ్రంగా ఫెయిర్ చేయలేదని నామోషీగా ఉండేది.

మా వంతు వచ్చింది. మొదటి స్లైడ్ ఇంగ్లిష్‌లో గడగడా అప్పజెప్పాను. రెండో స్లైడ్ మధ్యలో సార్ చెయ్యెత్తారు. "తెలుగులో చెప్పమ్మా, నువ్వు చూసింది తెలుగులోనే చూశావు కదా" అన్నారు. అక్కడి నుంచి నా గొంతు మారిపోయిందని మా వాళ్లు తర్వాత అన్నారు.

పద్ధతి స్లైడ్ దగ్గర అనుకున్నట్టే తల ఎత్తారు. "పూలు తెంపి స్పిరిట్‌లో వేయాలి గదా, తట్టుడు ఎందుకు పెట్టుకున్నరు?" పెద్దనాయిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను. హాలంతా నవ్వింది, సార్ కూడా నవ్వారు. నవ్వు ఆగీ ఆగకముందే, "మరి తడితే ఎన్ని తప్పించుకుంటయ్?" అన్నారు. మేడమ్ అడిగిన ప్రశ్నే. గెట్టు పక్క పూలతో చేసిన పని చెప్పాం, టేబుల్ చూపించాం, రెక్కలు లేనివాటి లెక్క తక్కువ చూపిస్తుందని ముందే రాశామని చెప్పాం. ఆయన ఆ టేబుల్ చాలాసేపు చూశారు.

తర్వాత వేళ్లు మడుస్తూ అడిగారు. "మీకు శాంపిల్ ఏది? పువ్వు శాంపిలా, చెట్టు శాంపిలా, చేను శాంపిలా?"

హాలు గమ్మునైపోయింది. అప్పుడు వెలిగింది నాకు, మేడమ్ చెట్టు సగటు ఎందుకు తీయమన్నారో. ఒకే చెట్టు మీది మూడు పూలు అన్నదమ్ములు, ఒకదాంట్లో పురుగుంటే పక్కదాంట్లోనూ ఉంటుంది. వాటిని మూడు వేర్వేరు సాక్ష్యాలని లెక్కేస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. "చెట్టు సార్" అన్నాను. "అయితే మందు వల్ల తేడా వచ్చిందా రాలేదా చెప్పు." "చెప్పలేం సార్. చెట్లు చాలా ఉన్నాయి కానీ వారం వారం మందు కొట్టే తోట ఒకటే, ఆగి చూసి కొట్టే తోట ఒకటే. తేడా వచ్చినా అది మందు వల్లనా, నేల వల్లనా, పక్కన పత్తి ఉండబట్టా అని విడదీయలేం. అందుకే టైటిల్‌లో ప్రభావం అని పెట్టలేదు." సార్ మేడమ్ వైపు చూశారు. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, తనకేం సంబంధం లేదన్నట్టు.

టి-టెస్ట్ దగ్గర కొంచెం ఆటపట్టించారు. "స్టూడెంట్స్ టి-టెస్ట్ అంటరు, ఆ స్టూడెంట్ ఎవరు? మీరేనా?" మా బ్యాచ్ అబ్బాయికి ఆ సంగతి తెలుసు, ఒక్క పెట్టున అందుకున్నాడు. గాసెట్ అనే ఆయన ఐర్లండ్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు, సొంత పేరు వేసుకోకుండా 1908లో స్టూడెంట్ అనే పేరుతో అచ్చు వేయించాడు అని. బీరు అనగానే వెనక బెంచీలు ఉషారయ్యాయి. కొద్ది శాంపిల్స్‌తోనే నమ్మకంగా ఎంత చెప్పగలమన్నది ఆయన పట్టుకున్న సమస్య, మాదీ అదే.

ఒక్క ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు లేదు. మేం పురుగులను రంగును బట్టి కూడా ముదురు, పసుపు అని రెండుగా రాశాం. ముదురువి కొత్త పురుగు, పసుపువి పాత రకాలు అయి ఉండొచ్చని రిపోర్టులో ఉంది. "పార్విస్పైనస్‌లో మగది ఏ రంగు?" అన్నారు సార్. పసుపు. అంటే మేం పాతవి అని రాసిన గడిలో కొత్త పురుగు మగవి కూడా కలిసి ఉండొచ్చు. వాటిని వేరుచేయాలంటే స్లైడ్ చేసి పెద్ద పవర్‌లో పొట్ట మీది వెంట్రుకల వరసలు చూడాలి. "ఎన్ని స్లైడ్లు చేశారు?" చేసినవి చూపించాం. అవన్నీ ముదురువే, అంటే అన్నీ ఆడవే. సార్ తన పెన్నుతో మా రిపోర్టు మార్జిన్‌లో ఆ మాట రాసి మేడమ్‌కు ఇచ్చారు. మార్కులు ఎన్ని తగ్గాయో అడగలేదు, వచ్చినవి బాగానే వచ్చాయి.

తర్వాతి ఆదివారం ఊరికి పోయినప్పుడు పెద్దనాయిన కల్లంలో ఉన్నాడు. ఎండిన కాయల్లోంచి తాలు వేరుచేస్తున్నారు. అప్పటికి మన వరంగల్ చపాటా మిర్చికి, అదే టమాటా మిర్చికి, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పేపర్లలో పడింది, కల్లంలో అంతా దాని ముచ్చటే. టమాటా మిర్చికి దండలేసిన్రు, మా తేజను ఎవరు పట్టించుకుంటరు అని ఎవరో నిష్ఠూరమాడుతున్నారు. నన్ను చూడగానే పెద్దనాయిన అడిగింది ఒకటే: "అయితే ఏం తేలింది? కొట్టాల్నా, వద్దా?" సార్‌కు చెప్పిన జవాబే చెప్పాను. రెండు చేలతో తేలదు పెద్దనాయినా అని. ఆయనకు నచ్చలేదు. "గిన్ని దినాలు తిరిగి గిదా చెప్పేది" అన్నాడు. నోట్‌బుక్ తీసి, మందు కొట్టిన తారీఖుల పక్కన మా లెక్కలు చూపించాను. వారం తిరగ్గానే మళ్లీ ఎక్కిన అంకెల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. మామ తోట పేజీలు కూడా తిప్పమన్నాడు. తర్వాత పెద్దమ్మ వైపు ఒకసారి చూశాడు, ఆమె చేతిలో తాలు బుట్ట. వచ్చే పంటకు ఒక మడి మందు కొట్టకుండా వదిలి చూస్తానన్నాడు, అదీ వాగు పక్క మడి, ఎటూ అక్కడ పంట సరిగ్గా రాదు కాబట్టి. అన్ని చోట్లా కొట్టి వాగు పక్కనొక్కటే వదిలితే మళ్లీ అదే తిరకాసు, నేల తేడానా మందు తేడానా తెలియదు అని చెప్పబోయి, ముందు ఒక మడైనా వదలనీ అని ఊరుకున్నాను.

ఈ ఏడు మా జూనియర్లు ఇదే ప్రాజెక్టు తీసుకున్నారు. పసుపు పురుగుల స్లైడ్లు ముందు చేస్తారట. నోట్‌బుక్ వాళ్లకే ఇచ్చేశాను. స్పిరిట్ కోసం డిసెంబర్‌లోనే లెటర్ పెట్టమన్నాను.